వెబ్‌సైటు నిర్వహణములో అధికార విభజనము



మన గ్రామములలో మునసబు వేఱు, కరణము వేఱు అయి యుండిన కాలము మీలో పెక్కుమందికి జ్ఞాపకముండును. శిస్తు వసూలు చేయువాడు మునసబు. లెక్క వ్రాయువాడు కరణము. సొమ్ము ముట్టినవాని చేత లెక్క లేదు. లెక్క వ్రాసినవాని చేత సొమ్ము లేదు. తెలంగాణమున మాలీ పటేలు, పోలీసు పటేలు, పట్వారీ అని ఈ పని మూడు తెఱగుల సాగినది. ఆ యుద్యోగములు 1984వ సంవత్సరమున రద్దయినవి. వాని మంచిచెడ్డల విచారణ నేటి ప్రసంగమునకు చెందినది కాదు. వంశపారంపర్యము వలన అవి పలుచోట్ల వక్రించినవనుట మీ రెఱుగనిదియు కాదు. అయినను, అధికారమును పనిని బట్టి పంచవలెను, ఒకని చేత అంతయు పెట్టరాదు అను ఆలోచన మనకు క్రొత్తది కాదని చెప్పుటకే ఈ మాట ఎత్తితిని.

నేడు గ్రంథాలయమునకు, దేవాలయ సంఘమునకు, పాల సంఘమునకు, పాత విద్యార్థుల సంఘమునకు గూడ వెబ్‌సైట్లు వెలయుచున్నవి. వానిని పెట్టువాడు సాధారణముగా ఊరి కుఱ్ఱవాడే. అతడు మీ యెదుట కూర్చుండి అడ్మిను, ఎడిటరు, మల్టీసైటు అను మాటలు వాడును. మీరు తల యూపుదురు. సంఘపు తీర్మానముల పుస్తకములో ఆ సంగతి వ్రాయబడదు. రెండు మూడేండ్లు గడచిన పిమ్మట ఆ మాటలకు అర్థమేమో తెలియక చిక్కులు పుట్టును. ఆ చిక్కులు యంత్రమునకు సంబంధించినవి కావు, మనుష్యులకు సంబంధించినవి. కావున ఈ మాటలను యంత్రజ్ఞులకంటె సంఘముల పెద్దలే ముందుగా తెలిసికొనవలయునని నా యభిప్రాయము.

మొదట ఈ సాధనమేదో చెప్పుదును. పూర్వము వెబ్‌సైటులో ఒక పుట మార్చవలెనన్న, దాని సంకేత భాష నెఱిగినవాడు ఫైలును తెఱచి, దిద్ది, మరల సర్వరునకు పంపవలసి యుండెడిది. తరువాత, పుటలోని విషయమును దాని రూపమునుండి విడదీసి, విషయమునంతయు ఒక డేటాబేసులో దాచి, వ్రాయువానికి వ్రాతబల్ల వంటి తెర నొసగు సాఫ్టువేరులు వచ్చినవి. వానికి కంటెంటు మేనేజిమెంటు సిస్టము అని పేరు. ఇట్టివి పెక్కులున్నవి. నా పని వర్డ్‌ప్రెస్ అనుదానితో గనుక దానినే ఉదాహరణముగా గైకొందును. మిషెల్ వాల్ద్రీగీ అను నాతడు వ్రాసిన బీ-టూ అను సాఫ్టువేరును ఆధారముగా చేసికొని మాట్ మల్లెన్‌వెగ్, మైక్ లిటిల్ అను నిరువురు 2003 మే 27వ తేదీన దీనిని వెలువరించిరి. దీనికి వెల లేదు. దీని మూలమును ఎవరైనను చదువవచ్చును, తమకు వలసినట్లు మార్చుకొనవచ్చును.

తొలిదినములలో వర్డ్‌ప్రెస్‌లో అధికారమునకు అంకెలుండెడివి. సున్న మొదలు పది వఱకు మెట్లు. పదవ మెట్టువాడు అన్నిటికిని కర్త. ఆఱవ మెట్టువానికిని ఏడవ మెట్టువానికిని భేదమేమని యడిగినచో చెప్పుట కష్టముగా నుండెడిది. 2005 డిసెంబరులో వచ్చిన 2.0 కూర్పుతో అంకెలు పోయి పేర్లు వచ్చినవి. ఆ పేరునే రోలు, అనగా పాత్ర, అందురు. పాత్ర యనగా కొన్ని అనుమతుల మూట. వ్రాయుటకు ఒక అనుమతి, ప్రకటించుటకు ఒకటి, ఇతరుల వ్రాత దిద్దుటకు ఒకటి, ఛాయాచిత్రము చేర్చుటకు ఒకటి. ఇట్లు పదులకొలది అనుమతులు విడివిడిగా నుండును. వానిని అయిదు మూటలుగా కట్టి అయిదు పేర్లు పెట్టిరి.

అట్టడుగున నుండునది సబ్‌స్క్రైబరు. ఇతడు లోపల ప్రవేశించి తన వివరములు దిద్దుకొనవచ్చును, చదువవచ్చును, అంతకు మించి ఏమియు లేదు.

వానిపైన కంట్రిబ్యూటరు. పెద్దలు ఎక్కువగా ఉపేక్షించు పాత్ర ఇదియే. మిక్కిలి ఉపయోగకరమైనదియు ఇదియే. ఇతడు వ్యాసము వ్రాయును గాని ప్రకటింపలేడు. వ్రాసినది పరిశీలనకై నిలిచి యుండును. పైవాడు చదివి ప్రకటించిన పిమ్మట ఆ వ్యాసమును వ్రాసినవాడే తిరిగి ముట్టుకొనలేడు. ఒక్క అక్షరము దిద్దవలెనన్నను పైవానిని అడుగవలయును. బడిపిల్లల చేత ఊరి చెఱువు చరిత్రయో, వీథుల పేర్ల వృత్తాంతమో వ్రాయింపదలచినచో వారి కీ పాత్ర నిచ్చి నిశ్చింతగా నుండవచ్చును. ఇందులో ఒక ఇబ్బంది కలదు. కంట్రిబ్యూటరు ఛాయాచిత్రములను చేర్పలేడు. ఉత్సవమునకు పోయి నాలుగు చిత్రములు తీసికొని వచ్చిన కుఱ్ఱవాడు వానిని ఎక్కింపలేక విసుగుచెంది, అడ్మిను పాస్‌వర్డు నడిగి పుచ్చుకొనుట నేను పలుమాఱులు చూచితిని. ఒక చిన్న అడ్డు వలన పెద్ద తలుపు తెఱువబడుట ఇట్లు జరుగును. అట్టివానికి కావలసినది మఱియొక మెట్టు మాత్రమే. అదియే ఆథరు. ఆథరు తన వ్రాతలను తానే ప్రకటించును, చిత్రములు చేర్చును, తన వ్రాతలను దిద్దును, తీసివేయును; ఇతరుల వ్రాతల జోలికి పోలేడు.

నాలుగవవాడు ఎడిటరు. ఎవరు వ్రాసినదైనను ఇతడు దిద్దును, ప్రకటించును, తొలగించును. సంఘ చరిత్ర, నియమావళి, సభ్యుల పట్టిక వంటి స్థిరమైన పుటలు ఇతని యధీనమున నుండును. చదువరులు వ్రాసిన వ్యాఖ్యలలో ఏది నిలుపవలెనో ఏది తీసివేయవలెనో నిర్ణయించువాడును ఇతడే. గ్రామ సంఘపు కార్యదర్శికి ఈ పాత్ర చాలును. చాలుననుటయే కాదు, ఇంతకు మించి ఈయరాదని నేను వాదింతును. కాని కార్యదర్శులు ఒప్పుకొనరు. అయిదవ పాత్రకు అడ్మినిస్ట్రేటరు అని పేరున్నది గదా, పాలకుడన్న పేరు విడిచి సంపాదకుడన్న పేరు పెట్టుకొనుట తమకు చిన్నతనమని తలంతురు. పేరు చూచి పెద్దఱికము కొలుచు అలవాటు మనకు ఎక్కువ.

అడ్మినిస్ట్రేటరు చేయు పని యేమి? సైటు రూపమును మార్చు థీములు, క్రొత్త పనులు చేయించు ప్లగినులు, ఇతరులకు పాత్రలు ఇచ్చుట, తీసికొనుట, సాఫ్టువేరును క్రొత్త కూర్పునకు మార్చుట. ఇదంతయు మేస్త్రీ పని. పత్రిక నడుపువానికి అచ్చుయంత్రము విప్పి చూచు అవసరము ప్రతిదినమును రాదు గదా. కంట్రిబ్యూటరు పాస్‌వర్డు దొంగల పాలైనచో ఒక చెడ్డ చిత్తుప్రతి లోపల నిలుచును; ఎడిటరు దానిని తీసి పాఱవేయును. ఎడిటరుది పోయినచో పుటలన్నియు చెడవచ్చును. అడ్మినిస్ట్రేటరుది పోయినచో దొంగ తన సొంత ప్లగినును లోపల నిలుపును. అనగా ఇంటి గోడలోనే తనకు దారి కట్టుకొనును. ఆ తరువాత పాస్‌వర్డు మార్చినను వాని దారి వానికి ఉండనే యుండును. ఒక మనిషికి ఎంత అధికారము ఈయవలెనని ఆలోచించునపుడు అతని నీతినిజాయితీలను శంకింప పని లేదు. అతని తాళపుచెవి పోయిననాడు మన కెంత నష్టమని లెక్కించిన చాలును.

పాత్రలను లెక్కచేయక అందఱును ఒకే పేరుతో లోపలికి పోవుట వలన జరిగిన ఒక సంగతి చెప్పుదును. ఊరి పేరు చెప్పను. అచ్చట ఒక గ్రంథాలయమునకు క్రొత్త గది కట్టుటకై చందాలు పోగుచేసి, దాతల పట్టికను తమ వెబ్‌సైటులో ప్రకటించిరి. సైటు నేర్పాటు చేసిన యువకుడు ఉద్యోగమునకై దూరదేశము పోవుచు, అడ్మిన్ అను ఒకే పేరును, ఒకే పాస్‌వర్డును ఆఱుగురికి చెప్పిపోయెను. కొన్ని నెలలకు ఒక దాత తన పేరు ప్రక్కన 5,000 రూపాయలకు బదులు 500 అని యుండుట చూచి సభలో అడిగెను. రసీదు పుస్తకమున్నది గనుక ఆ యంకె ఆ దినముననే సరిచేయబడినది. కాని ఎవరు మార్చిరి?

వర్డ్‌ప్రెస్‌లో ప్రతి మార్పునకు పూర్వరూపము భద్రముగా నుండును. ఏ దినమున, ఏ గంటకు, ఏ పంక్తి యెట్లు మాఱినదో పక్కపక్కన పెట్టి చూపును. మార్చినవాని పేరును చూపును. ఆ పుటకును చూపినది. పేరు అడ్మిన్. ఆఱుగురును అడ్మిన్‌లే. కోశాధికారిగా నున్నవారు పదవీవిరమణ చేసిన ఉపాధ్యాయులు; డెబ్బది యేండ్లు దాటినవారు. సొమ్ము విషయము గనుక అందఱి చూపులును వారి మీదనే నిలిచినవి. నోరు విప్పి ఎవరు నేమియు అనలేదు. ఆయన మఱునాడు రసీదు పుస్తకములను, బీరువా తాళపుచెవిని బల్లమీద పెట్టి ఇంటికి పోయిరి. మరల గ్రంథాలయమునకు రాలేదు. ఒక సున్న పడిపోవుట ఎవని వ్రేలి పొరపాటో కావచ్చును. ఆఱుగురికి ఆఱు పేర్లున్నచో అది పొరపాటని గంటలో తేలియుండెడిది; చేసినవాడు క్షమాపణ చెప్పుకొని యుండెడివాడు. ఆయన నేటికిని ఆ వీథిన పోవుట మానివేసిరని విందును.

పేర్లు వేఱువేఱుగా నుంచుట దొంగను పట్టుటకని కొందఱు తలంతురు. నిర్దోషిని కాపాడుటకే అది ఎక్కువగా పనికివచ్చును.

ఇచ్చట మఱియొక సూక్ష్మము. ఒక సభ్యుడు సంఘమును విడిచినను, కాలము చేసినను, అతని ఖాతాను తొలగింపబోయినపుడు సాఫ్టువేరు ఒక ప్రశ్న వేయును: ఇతని వ్రాతలన్నియు తీసివేయుదునా, లేక మఱియొకని పేరునకు మార్పుదునా అని. తొందరలో మొదటిది నొక్కినచో ఆయన వ్రాసినదంతయు పోవును. రెండవది నొక్కినచో ఆయన వ్రాసినది మఱియొకరి పేరున నిలుచును. ఊరి చరిత్రను ఇరువది వ్యాసములుగా వ్రాసిన పెద్దమనిషి గతించినపుడు ఈ రెండును తగవు. ఖాతాను తొలగింపక, పాత్రను సబ్‌స్క్రైబరునకు దించి, పాస్‌వర్డు మార్చివేయుట మేలు. వ్రాతలు ఆయన పేరుననే యుండును. ఆయన ఖాతాతో ఎవరు నేమియు చేయజాలరు.

ఇక రెండవ విషయమునకు వత్తును. ఒకే సంఘము క్రింద పలు గ్రామముల శాఖలున్నవనుకొందము. శాఖకొక సైటు కావలెను. వేఱువేఱుగా అయిదు సైట్లు నిలిపినచో అయిదు మాఱులు సాఫ్టువేరు మార్చవలెను, అయిదుచోట్ల పాస్‌వర్డులు, అయిదుచోట్ల మరమ్మతులు. ఈ శ్రమ తప్పించుటకై ఒకే సాఫ్టువేరు మీద అనేక సైట్లు నడుపు పద్ధతి యేర్పడినది. అది మొదట వర్డ్‌ప్రెస్ ఎమ్‌యూ అను వేఱు సాఫ్టువేరుగా నుండెను. 2010 జూన్ 17న వెలువడిన 3.0 కూర్పులో అది ప్రధాన సాఫ్టువేరులో కలిసిపోయినది. దీనినే మల్టీసైటు అనియు, ఆ సైట్ల సముదాయమును నెట్‌వర్కు అనియు అందురు.

ఒక ప్రహరీలో అయిదు ఇండ్లున్నవనుకొనుడు. ప్రహరీ ఒకటి, వీథి వాకిలి ఒకటి, బావి ఒకటి. వంటలు మాత్రము వేఱు. మల్టీసైటులో సాఫ్టువేరు ఒకటి, డేటాబేసు ఒకటి. ఆ డేటాబేసులో సైటుసైటునకు పదేసి పట్టికలు విడిగా నుండును. వానిలో ఆ సైటు వ్యాసములు, వ్యాఖ్యలు, అమరికలు నిలుచును. చిత్రములకును సైటుసైటునకు వేఱు సంచిక గలదు. మనుష్యుల పట్టిక మాత్రము అన్నిటికిని ఒక్కటియే. కావున ఒక మనిషికి నెట్‌వర్కు అంతటికి ఒకే పేరు, ఒకే పాస్‌వర్డు. అతని పాత్ర మాత్రము సైటుసైటునకు వేఱుగా నుండవచ్చును.

మా ప్రాంతమున అయిదు గ్రామ గ్రంథాలయములు ఒక సంఘము క్రింద నున్నవి. వాని నెట్‌వర్కును నేను కొన్ని సంవత్సరములుగా చూచుచున్నాను. అందు ఒక గ్రంథపాలకురాలు సోమ బుధ శుక్రవారములలో ఒక యూర, తక్కిన దినములలో మఱియొక యూర పని చేయుదురు. మొదటి యూరి సైటునకు ఆమె ఎడిటరు, రెండవదానికి ఆథరు, తక్కిన మూడింటికి ఆమె ఎవరును కారు. తలుపు తీయునది ఒకే తాళపుచెవి. లోపల ఆమె అధికారము మాత్రము ఇంటింటికి వేఱు.

వీరందఱి పైన ఒక క్రొత్త పాత్ర ఉండును. పేరు సూపర్ అడ్మిను. నెట్‌వర్కు ఏర్పడిన క్షణమున ఒంటి సైటులో సర్వాధికారి యైన అడ్మినిస్ట్రేటరు చిన్నవాడగును. ప్లగినులను, థీములను తెచ్చి నిలుపు అధికారము సూపర్ అడ్మినునకే యుండును. శాఖ అడ్మినిస్ట్రేటరు వానిలో తన కనుమతించినవానిని వాడుకొనును, అంతే. నెట్‌వర్కులో ముందే ఖాతా గలవానిని తన సైటునకు చేర్చుకొనవచ్చును గాని, బొత్తిగా క్రొత్తవానికి ఖాతా తెఱచుటకు సూపర్ అడ్మిను ముందుగా సమ్మతించి యుండవలయును. ఒకనిని తన సైటునుండి పంపివేయగలడు. ఖాతానే రూపుమాపుట అతని వశము కాదు. ఏలనన ఆ ఖాతా ఇతర గ్రామములదియు గదా.

ఈ తేడాలు ముందుగా చెప్పనందువలననే నెట్‌వర్కులలో అలుకలు పుట్టును. మా శాఖలలో ఒకరు గ్రంథాలయమునకు దారి చూపు పటము నొకదానిని వేఱొకచోటినుండి సంకేతముగా తెచ్చి పుటలో అతికించిరి. భద్రపఱచిన వెంటనే అది మాయమైనది. మరల అతికించిరి, మరల మాయమైనది. కేంద్రము వారు తమ పటమును తీసివేయుచున్నారని నాకు కోపముతో ఉత్తరము వచ్చినది. ఎవరును తీసివేయలేదు. ఒంటి సైటులో ఎడిటరునకును అడ్మినిస్ట్రేటరునకును ఎట్టి సంకేతమునైనను పుటలో చేర్చు అనుమతి యుండును. నెట్‌వర్కులో అది సూపర్ అడ్మినునకు మాత్రమే. తక్కినవారు చేర్చిన దానిలో అపాయకరముగా తోచు సంకేతములను సాఫ్టువేరే వడియగట్టి తీసివేయును. ఒక శాఖ పుటలో దుష్టమైన సంకేతమున్నచో, సూపర్ అడ్మిను ఆ పుటను తెఱచినపుడు అది అతని యధికారమును చేజిక్కించుకొని అయిదు సైట్లను పాడుచేయగలదు గనుక ఈ కట్టడి. పటమును నేనే చేర్చి యిచ్చితిని.

చిత్రముల విషయమును అట్టిదే. నెట్‌వర్కులో ఒక్కొక్క ఫైలునకు 1500 కిలోబైట్ల మితి మొదటినుండియు పెట్టబడి యుండును. నేటి ఫోనులతో తీసిన చిత్రము తఱచుగా దానిని మించును. శాఖవారు తమ ఫోను చెడినదనుకొందురు. సూపర్ అడ్మిను ఆ మితిని పెంచవచ్చును, మేము పెంచితిమి.

నెట్‌వర్కు వలన లాభము గొప్పది. సాఫ్టువేరును ఒక్కమాఱు క్రొత్త కూర్పునకు మార్చిన అయిదు గ్రామములకును మాఱును. నష్టమును ఆ ద్వారముననే వచ్చును: ఒక ప్లగిను చెడినచో అయిదు సైట్లును ఒకేమాఱు నిలిచిపోవచ్చును. ఒక గ్రామము వారి పొరపాటు వలన వారి పుటలు పోయినపుడు నిన్నటి నకలును మొత్తముగా తిరిగి పెట్టినచో, తక్కిన నాలుగు గ్రామములు నేడు వ్రాసినదియు పోవును. ఆ యొక్క సైటు పట్టికలను మాత్రము ఏఱి తెచ్చుట నేర్పరి చేయవలసిన పని. ఇదంతయు తెలిసి దిగవలెను. ఒకే సంఘము, ఒకే విధమైన పని, ఒకే ఖర్చు అయినచో మల్టీసైటు తగును. యజమానులు వేఱైనచో తగదు. దేవాలయ సంఘమును, పాల సంఘమును, యువజన సంఘమును ఖర్చు తగ్గునని ఒక నెట్‌వర్కులో పెట్టించుకొనిన ఊళ్లున్నవి. మూడు సంఘముల పుటలును ఒక్క సూపర్ అడ్మిను చేతిలో నున్నవని వారిలో ఎందఱు ఎఱుగుదురో నాకు సందేహము. ఇట్టి మితవ్యయము నాకు రుచింపదు.

ఈ పద్ధతి చిన్న సంఘములకే యని తలపకుడు. 2005లో వెలసిన వర్డ్‌ప్రెస్ డాట్ కామ్ అను సేవలో లక్షలకొలది సైట్లు ఇట్టి యేర్పాటు మీదనే నిలిచినవి. మనకు దగ్గఱి ఉదాహరణము తెలుగు వికీపీడియా. 2003 డిసెంబరులో ఆరంభమైన ఆ విజ్ఞాన సర్వస్వములో మన గ్రామములకు వేలకొలది పుటలున్నవి. మీ యూరికిని ఉండవచ్చును. అది మీడియావికీ అను వేఱు సాఫ్టువేరు మీద నడచును. వందలకొలది భాషల వికీలు ఒకే సంస్థ సర్వరుల మీద నున్నవి. ఒక భాషలో తెఱచిన ఖాతా అన్ని భాషలలో చెల్లును. అచ్చటి పద్ధతి మనము చెప్పుకొన్నదానికి తలక్రిందులు. వ్రాయుటకును ప్రకటించుటకును ఎవరి అనుమతియు అక్కఱలేదు. పుటను తొలగించుటకు, ఇతరులు మార్చకుండ కాచుటకు, అల్లరివానిని ఆపుటకు మాత్రము నిర్వాహకులు అను పాత్ర కలదు. ఆ పాత్రను సభ్యులు చర్చించి యిత్తురు. వ్రాయుటకు అందఱును, తుడుచుటకు కొందఱును అను నియమముతో ఇరువది యేండ్లకు పైగా అది నడచుచున్నది. సొమ్ము లెక్కలు ప్రకటించు సంఘమునకు ఆ స్వేచ్ఛ పనికిరాదు గాని, ఊరి చరిత్ర వ్రాయుటకు బాగుగా పనికివచ్చును.

ఇక కడపటి సంగతి. నెట్‌వర్కులో చేరుటకు ముందు అడుగవలసినది. మాకు పడక విడిపోవలసి వచ్చినచో మాకేమి దక్కును? మా అయిదింటిలో ఒక శాఖవారు ఈ ప్రశ్న అడిగిరి, తరువాత నిజముగానే విడిపోయిరి. కలహమేమియు లేదు, వారి గ్రంథాలయము మఱియొక సంస్థ పోషణములోనికి పోయినది. వర్డ్‌ప్రెస్‌లో ఎగుమతి అను సాధనమున్నది. అది ఒక సైటు వ్యాసములను, పుటలను, వ్యాఖ్యలను, వ్రాసినవారి పేర్లతో గూడ ఒక ఫైలుగా కట్టి యిచ్చును. దానిని క్రొత్త చోట దిగుమతి చేసికొనునపుడు పాత చోటినుండి చిత్రములును తెచ్చుకొనవచ్చును; అందువలన ఆ పని ముగియు వఱకు పాత సైటును మూయరాదు. థీము, ప్లగినుల అమరికలు ఆ ఫైలులో రావు. సభ్యుల పాస్‌వర్డులును రావు. అందఱును క్రొత్తగా పెట్టుకొనవలెను. ఆ శాఖవారికి ఇదంతయు రెండు దినములలో ముగిసినది.

చిక్కు చిరునామాతో వచ్చినది. నెట్‌వర్కులోని శాఖకు చిరునామా రెండు విధముల ఏర్పడును: సంఘపు పేరు తరువాత ఒక గీత గీసి శాఖ పేరు వ్రాయుట, లేక సంఘపు పేరునకు ముందు శాఖ పేరు చేర్చుట. ఎట్లైనను ఆ చిరునామా సంఘముది, విడిపోయినవారితో రాదు. 2016లో వచ్చిన 4.5 కూర్పునుండి శాఖకు దాని సొంత డొమైను పేరును నెట్‌వర్కులోనే అమర్చుట సులువైనది. సొంత పేరున్న శాఖ ఎచ్చటికి పోయినను ఆ పేరు వెంట వచ్చును. మా వారికి అట్టి పేరు లేదు. వారు పదేండ్లుగా ఆహ్వాన పత్రికల మీదను, రసీదు పుస్తకముల మీదను, గ్రంథాలయపు గోడమీదను పాత చిరునామాయే వ్రాయించియుండిరి. పాత చిరునామాకు వచ్చినవారిని క్రొత్త చిరునామాకు మళ్లించు ఏర్పాటును రెండేండ్ల వఱకు ఉంచుటకు కేంద్ర సంఘము తీర్మానించినది. ఆ లోపల వారు రసీదు పుస్తకములు క్రొత్తగా అచ్చు వేయించుకొనిరి, గోడకు రంగు వేయించి క్రొత్త పేరు వ్రాయించిరి. ఈ మాఱు డొమైను పేరును కుఱ్ఱవాని పేరున గాక గ్రంథాలయ సంఘము పేరుననే నమోదు చేయించి, ఆ సంగతిని తీర్మానముల పుస్తకమున వ్రాసికొనిరి.